జోసెఫ్ పెర్కిన్స్ తల్లిపేరు

2023, శ్రావణమాసం. ఏలూరు పవర్‌పేటలో ఓ మందులషాపు పైన నా గది. కింద బోర్డు మీద ‘వంశవృక్ష పరిశోధన, ఇంగ్లండు కుటుంబాలకు ప్రత్యేకం’ అని రాయించాను. అది చూసి జాతకం చెప్పించుకోవడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. పెదవేగి నుంచి ఒకాయన తన పామాయిల్ తోటకి మంచి బేరం ఎప్పుడొస్తుందో అడగడానికి వచ్చి, నన్ను తిట్టుకుంటూ మెట్లు దిగాడు. మా వీధిలో మాత్రం ఇంగ్లండు రాజవంశపు ఆస్తి తగాదా ఒకటి నా చేతిలో ఉందని చెప్పి ఉంచాను. నమ్మారు. టీకొట్టాయన ఇప్పటికీ నాకు ఒక్కడికే సాసరుతో ఇస్తాడు.

అసలు పని అంత గొప్పది కాదు. ఇంగ్లండులో తీరిక దొరికిన పెద్దవాళ్ళకి తమ తాతముత్తాతలెవరో తెలుసుకోవాలనిపిస్తుంది. ప్రభువుల సంగతి పుస్తకాల్లో ఉంటుంది. మిల్లు కూలీ, గని కూలీ, పడవ కూలీ పేర్లు వెతకాలంటే ముఖ్యంగా రెండు చోట్లు. ఒకటి పారిష్ రిజిస్టర్. ఊరి చర్చిలో బాప్టిజం, పెళ్ళి, బరియల్ జరిగినప్పుడల్లా పాదిరీగారు రాసిన పుస్తకం అది. బరియల్ అంటే పాతిపెట్టడం. రెండోది సివిల్ రిజిస్ట్రేషన్, అంటే 1837 నుంచి సర్కారువారు ఉంచిన జనన, వివాహ, మరణాల నమోదు. ఇవి కాక పదేళ్ళకోసారి రాసిన సెన్సస్. వీటి ఫోటోలు చాలామటుకు కంప్యూటర్లో చూడొచ్చు. కోడి గెలికినట్టుండే ఆ పాత చేతిరాతను చదివే ఓపికే నా పెట్టుబడి. పదేళ్ళపాటు ఓ కంపెనీలో ఆ పేజీలు చూసి టైపు చేసే ఉద్యోగం వెలగబెట్టాక, సొంతంగా మొదలుపెట్టాను.

జిల్లాలో ఈ విద్య నాకొక్కడికే వచ్చనుకుని సుఖంగా ఉన్న రోజుల్లో తాడేపల్లిగూడెంలో గున్నేశ్వరరావు బయల్దేరాడు. అదే కంపెనీలో నా పక్క కుర్చీ. నా దగ్గరే పాత అక్షరాలు కూడబలుక్కున్నవాడు. ఏసీ గది పెట్టాడు. లండన్ వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఒకటి సంపాదించి, అద్దం కట్టించి, వీడియో కాల్‌లో కనపడేలా వెనకగోడకి తగిలించాడు. నెట్‌లో వాడి పేజీలో తెల్లదొరసానులు రాసే మెచ్చుకోళ్ళు నేను రోజూ పొద్దున్నే, కాఫీ కంటే ముందు చదివేవాణ్ణి. పరగడుపున చేదు మంచిదంటారు కదా.

ఆ శ్రావణంలోనే డొరోతీ గారు నన్ను పలకరించారు. ఎనభై దాటిన మనిషి. ఇంగ్లండులో ఓ పాత కాలవ ఊళ్ళో ఉంటారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే గానీ నాకు గుర్తున్నది తెలుగులోనే.

“మిస్టర్ గున్నేశ్వరరావు మిమ్మల్ని అడగమన్నారు. పాత రాత చదవడంలో ఆయనకంటే మీరు గట్టివారట” అన్నారావిడ.

నాకు మొట్టమొదట వచ్చింది సంతోషం కాదు, అనుమానం. వాడు నాకు పని పంపడమేమిటి? ఏదో కుళ్ళిన చేపే అయి ఉంటుంది, లేకపోతే వాడే వండుకు తినేవాడు కాడూ!

“ఏమిటండీ సంగతి?” అన్నాను.

“మా ముత్తాత జోసెఫ్ పెర్కిన్స్. కాలవ మీద సరుకు పడవ లాగే కూలీ. వర్క్‌హౌస్‌లో పెరిగాడు.” వర్క్‌హౌస్ అంటే దిక్కులేనివాళ్ళకి పని చేయించుకుని కూడు పెట్టే సర్కారు సత్రం. “ఎవరో కని పారేసిన పిల్లాడని ఊరంతా అనేవారు. మా అక్క ఈడిత్‌ని బళ్ళో ఆ మాటతోనే ఏడిపించారు. ఇప్పుడు తను మంచం మీద ఉంది. డాక్టర్లు ఇంక ఎక్కువ రోజులు చెప్పడం లేదు. జోసెఫ్‌కి తల్లి ఉందా, ఉంటే ఆమె పేరేమిటి, అంతే అడుగుతోంది.”

“గున్నేశ్వరరావు ఏమన్నాడు?”

“తల్లి లేదన్నారు. చాలా మర్యాదగా చెప్పారు.”

మర్యాద ఒకటి! వాడు తప్పని తేలిస్తే ఈడిత్ గారికి తల్లి దొరుకుతుంది, నాకు నిద్ర దొరుకుతుంది. రెండూ పుణ్యకార్యాలేనని ఆ మధ్యాహ్నమే కూర్చున్నాను.

తీరా చూస్తే వాడు చేసినదంతా ఒప్పే. జోసెఫ్ పెళ్ళి సర్టిఫికెట్లో తండ్రి కాలమ్‌లో ‘థామస్ పెర్కిన్స్, పడవ మనిషి, మృతుడు’ అని ఉంది. అయితే ఆ కాలమ్‌ని నమ్మడానికి లేదు. తండ్రి ఎవరో తెలియనివాళ్ళు పెళ్ళిలో పరువు కోసం ఓ తండ్రిని కల్పించి రాయించుకోవడం అక్కడ మామూలే. కాబట్టి చర్చి పుస్తకం చూడాలి. సెన్సస్‌లో జోసెఫ్ తాను పుట్టిన ఊరని చెప్పిన చోట, థామస్, హన్నా అనే దంపతుల కొడుకు జోసెఫ్‌కి బాప్టిజం నిజంగానే జరిగింది. నేను కుర్చీలోంచి లేచి చిందేసినంత పని చేశాను. ఆ తరవాత బరియల్ పేజీ తిప్పాను. ‘థామస్, హన్నాల కొడుకు జోసెఫ్, పసివాడు.’ ఏడాది తిరక్కుండానే పోయాడు.

చచ్చిన పిల్లాడు పెరిగి పెళ్ళి చేసుకోడు కదా. మన జోసెఫ్ ఎవరో వేరేవాడు, పోయినవాడి తండ్రిని అరువు తెచ్చుకున్నాడు. గున్నేశ్వరరావు తేల్చింది ఇదే. ఇంకెవరు తేల్చినా ఇంతే. తాడేపల్లిగూడేనికి ఫోన్ చేశాను.

“ఏవండీ పుల్లారావుగారూ! దొరికిందాండీ?” అన్నాడు.

“దొరకడానికేముందండీ, మీరు ముందే ఊడ్చేశారుగా.”

“నాకే మనసొప్పలేదండీ. పాపం ఆవిడ అంతలా అడుగుతుంటే... మీ కళ్ళకి ఏమన్నా ఆనుతుందేమోనని పంపానండీ.”

“నా కళ్ళకి మీ సర్టిఫికెట్ ఒక్కటే ఆనుతోందండీ. ఫ్రేము బాగుంది” అని పెట్టేశాను.

ఇక్కడ నా పేరు గురించి చెప్పాలి. కార్డు మీద పుల్లారావు. స్కూలు రికార్డులో పుల్లయ్య. మాది కొల్లేటి మధ్యలో ఓ లంక. నాకంటే ముందు మా అమ్మకి ఒక కొడుకు పుట్టి, నడక రాకుండానే జ్వరమొచ్చి పోయాడు. వాడి పేరు సత్యనారాయణ. తరవాత పుట్టిన నన్ను మా నాన్నమ్మ భోజనాలైన ఎంగిలి విస్తళ్ళ మీద పడుకోబెట్టి, పుల్లయ్య అని పిలిచింది. పుల్లాకులో పారేసిన బిడ్డనైతే మృత్యువు కూడా ముట్టుకోదని మావాళ్ళ నమ్మకం. అలా నేను బతికాను. చావుకే కాదు, చాలామందికి అక్కర్లేకుండా బతికాను.

ఆ సత్యం మీద నాకు చిన్నప్పట్నుంచీ కుళ్ళు. వాడు పచ్చగా ఉండేవాడట. ఏడ్చేవాడు కాడట. లెక్కల్లో తప్పలేదు, దోనె బోల్తా కొట్టించలేదు, అన్నం కూరా మాడిందని కంచం తొయ్యలేదు. ఎలా తోస్తాడు, ఏడాది కూడా లేకపోతేను! నేను పట్టిన కొర్రమీను దోనె కంటే రెండు జానలు పొడుగున్నా, మా అమ్మ “సత్యం ఉంటే ఇద్దరూ కలిసి మోసేవారు” అనేది. ఆ చేప పొడుగొక్కటీ తీసేస్తే ఈ కథలో మిగిలిందంతా నిజం.

అమ్మ ఇప్పుడు ఏలూరులో మా దగ్గరే ఉంటుంది. ఆ రోజు నేను మొహం గంటు పెట్టుకుని ఇంటికి వెళ్ళేసరికి వంటింట్లోంచి కేకేసింది.

“సత్యం, కాళ్ళు కడుక్కో. అన్నం పెడతాను.”

వయసు మీద పడ్డాక అప్పుడప్పుడూ ఇలా పిలుస్తుంది. మామూలుగా ఊరుకునేవాణ్ణే. ఆ రోజు కడుపు నిండా గున్నేశ్వరరావు ఉన్నాడు.

“సత్యం కాదమ్మా. పుల్లయ్యని. ఎంగిలి విస్తరిగాణ్ణి.”

“తెలుసులేరా. నేను కన్నవాళ్ళు నాకు తెలీదూ? ఒక్కోసారి నోటికి ఆ పేరు కావాలనిపిస్తది.”

“అంత ముద్దైతే నాకే పెట్టలేకపోయావా ఆ పేరు?”

అమ్మ గరిటె పక్కన పెట్టింది. “పెట్టాలనే ఉండేదిరా. నువ్వు పుట్టగానే నోట్లోకి అదే వచ్చింది. మీ నాన్నమ్మ నా నోరు మూసింది. పోయినోడి పేరెడితే, ఆ పేరు పట్టుకుని మళ్ళీ వస్తదంది చావు. నీకేమన్నా అయితే? భయపడ్డాను.”

“నాన్నమ్మ లేకపోతే?”

“లేకపోతే ఇవాళ నువ్వే సత్యానివి. తిను ముందు, చల్లారిపోతంది.”

ముద్ద నోట్లో ఉండగానే నాకు తట్టింది. ఆ కాలవ పడవలో హన్నా నోరు మూయడానికి మా నాన్నమ్మ లేదు కదా! పోయిన కొడుకు పేరునే తరవాతి కొడుక్కి పెట్టుకుంటే అడ్డెవరు? ఇంగ్లండు కూలి కుటుంబాల్లో అది ఇంటింటా ఉన్న పద్ధతేనని, అక్కడ ఈ పనిలో ఓనమాలు దిద్దేవాళ్ళకి కూడా తెలిసిన విషయమేనని తరవాత తెలిసింది. మన ఇళ్ళల్లో పోయిన పసివాడి పేరు బతికున్నవాడి మీద పెట్టరు. అందుకే ఏలూరులో నేనూ, తాడేపల్లిగూడెంలో వాడూ బరియల్ పేజీ దగ్గర దణ్ణం పెట్టి పుస్తకం మూసేశాం.

సగం అన్నంలో లేచి గదికి పరిగెత్తాను. పెళ్ళినాటికి జోసెఫ్ చెప్పిన వయసు, ఆ పోయిన పిల్లాడు బతికి ఉంటే ఉండాల్సిన వయసు కంటే మూడేళ్ళు తక్కువ. అప్పట్లో వయసులు ఉజ్జాయింపుగా చెప్పేవారని నేను దాన్ని కొట్టిపారేశాను. ఇప్పుడు ఆ మూడేళ్ళే ముఖ్యమయ్యాయి. ఆ ఊరి చర్చిలో రెండో జోసెఫ్ లేడు. సర్కారు జనన నమోదులోనూ లేడు. అప్పట్లో నమోదు చేయించకపోయినా గట్టిగా అడిగేవాళ్ళు లేరు, పడవవాళ్ళయితే మరీను. కానీ పడవ ఒకచోట ఆగదని కొల్లేటి మనిషికి వేరే చెప్పాలా? మా పిన్ని వరద రోజుల్లో ఆకివీడు ఆసుపత్రికని బయల్దేరి దోనెలోనే కంది. ఆ పిల్లాడి ఊరేదంటే ఇప్పటికీ మా లంకే అంటాం.

కాలవ పటం ముందు పెట్టుకుని ఒడ్డునున్న చర్చిలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. పేర్ల సూచిక లేని పుస్తకాలు. వరసగా చదవడమే. ఆ వారంలోనే, సరుకు దింపే రేవు పక్కనున్న చర్చిలో దొరికాడు: ‘జోసెఫ్, పడవ మనిషి థామస్ పెర్కిన్స్, హన్నాల కొడుకు.’

గున్నేశ్వరరావు ఎదురుగా కూర్చుని వాదిస్తున్నట్టే ఊహించుకుని ఋజువులు పేర్చాను. మొదటి ఊళ్ళో అదే దంపతులకి సారా అనే పెద్ద కూతురు ఉంది. జోసెఫ్ పెళ్ళికి సాక్షిగా సంతకం రాక, మన వేలిముద్రకి బదులన్నట్టు సిలువ గీత పెట్టింది సారా పెర్కిన్సే. థామస్, హన్నాల మరణ సర్టిఫికెట్లు తెప్పిస్తే కారణం కాలమ్‌లో ఇద్దరికీ కలరా. రెండు వారాల తేడాతో పోయారు. ఆ తరవాతి సెన్సస్‌లో ఎనిమిదేళ్ళ జోసెఫ్ వర్క్‌హౌస్‌లో ఉన్నాడు. వాడు పారేసిన పిల్లాడు కాడు. తల్లీ తండ్రీ పోయి మిగిలిన పిల్లాడు.

వీడియో కాల్‌లో డొరోతీ గారు ఫోన్‌ని అక్క మంచం దగ్గరికి పట్టుకెళ్ళారు. తెల్ల దుప్పటి మీద దూది లాంటి జుట్టు, పెద్ద పెద్ద కళ్ళు. నేను అంతా చెప్పాను. ఈడిత్ గారు ఆ పేరు పలికి చూసుకున్నారు.

“హన్నా” అన్నారు. “హన్నా... మొదటి పిల్లాడి పేరే రెండోవాడికి పెట్టిందా?”

“అవునండీ.”

“అయితే పారేసే తల్లి కాదు” అన్నారావిడ. డొరోతీ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

ఈడిత్ గారు దసరా లోపే వెళ్ళిపోయారు. అప్పటికి నేను తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చాను కూడా. గెలిచినవాడు ఓడినవాడి మొహం చూడకపోతే గెలుపెందుకని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ రైలెక్కాను. గున్నేశ్వరరావు ఏసీ గదిలో కాగితాలన్నీ పరిచి చెప్పాను. వాడు చివరిదాకా విని లేచి నిలబడ్డాడు.

“ఎంత మంచి పని చేశారండీ! పోయినోడి పేరు పెడతారని నాకు కల్లో కూడా తోచలేదండీ. మీకెలా తట్టిందండీ?”

“మా అమ్మ చెప్పిందండీ.”

“అదృష్టవంతులండీ. మా అమ్మ ఉంటే నేనూ అడిగేవాణ్ణి” అని, నా చేతులు రెండూ పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకున్నాడు. ఏసీ గదిలో నాకు చెమటలు పోశాయి. ఇలాంటివాణ్ణి ఏం చేసుకుంటాం చెప్పండి! కుళ్ళుకోవడానికి వీల్లేకుండా బతికేవాళ్ళని చూస్తే ఇంకా కుళ్ళొస్తుంది. పైగా డొరోతీ గారు రాసిన మెచ్చుకోలు వాడి పేజీలోనే పడింది: తనకి చేతకానిది చేతకాదని ఒప్పుకుని మరొకరి దగ్గరికి పంపిన పెద్దమనిషని. నా గురించి అందులో ఓ వాక్యం ఉంది. వెతికితే కనపడుతుంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇదీ. ఊరు కాని ఊరివాళ్ళ ఇంట్లో వెతికేటప్పుడు మా నాన్నమ్మని వెంట తీసుకెళ్ళకూడదు. మనం భయపడి చెయ్యని పని ఇంకో తల్లి ప్రేమకొద్దీ చేసి ఉంటుంది. ఇప్పుడు బరియల్ పేజీ చూశాక ఇంకో పదేళ్ళ బాప్టిజాలు తిప్పకుండా పుస్తకం మూయను. తాడేపల్లిగూడెంలోనూ మూయడం లేదట. నేనే చెప్పాను, అదొక్కటే నా కడుపుమంట.

సత్యం మీద కుళ్ళు పూర్తిగా పోయిందని అబద్ధమాడను. మొన్న ఆదివారం కూడా అమ్మ వంటింట్లోంచి ఆ పేరుతోనే పిలిచింది. “వస్తున్నానమ్మా” అని వెళ్ళి కూర్చున్నాను. పేరు వాడిదైతే అయింది, కొర్రమీను నడుం ముక్క నా కంచంలోనే వేసింది.