తన్నినవాడే రావాలి

ఫుట్‌బాల్ క్లబ్బు మీద చేసిన ఫిర్యాదుల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోకుండానే సూపరింటెండెంటు గారు గత గురువారం ఉదయం బర్కత్‌పురలో, చెల్లెలి కూతురి ఇంట్లో, కన్నుమూశారు. ఈ సంగతిని అధికారికంగా ప్రకటించింది ఆ క్లబ్బే. వాట్సాప్ గ్రూపులో కెప్టెన్ వెలువరించిన ప్రకటన పూర్తి పాఠం ఇది: "గోడ మేడం పోయిండ్రు. ఇయ్యాల ఆట బంద్." ఆ ఆటను ఆపించాలని ఆమె చేసిన సుదీర్ఘ ప్రయత్నం ఫలించిన రోజు అదొక్కటే.

ఆమెను ఎరగని పాఠకుల సౌకర్యార్థం కొన్ని వివరాలు సమర్పిస్తున్నాను. నారాయణగూడకూ చిక్కడపల్లికీ మధ్య, రెండు పేటలూ తమది కాదనే ఒక సందు చివర, ఒక పాత ధర్మసంస్థకు చెందిన మైదానం ఉంది. దాని అంచుల్లో గడ్డి మొలుస్తుంది; మధ్యలో మొలిచే తీరిక దానికి ఎవరూ ఇవ్వలేదు. ఉత్తరం వైపు గోల్ వెనక కనిపించే గోడ సూపరింటెండెంటు గారి పెరటి గోడ. తండ్రి సర్కారు కొలువు వెంట బందరు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వారిది. ఆమె కూడా సర్కారు కార్యాలయంలోనే పనిచేసి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశారు. ఆఫీసు ఆమెను వదిలింది గానీ, ఆమె ఆఫీసును వదిలిన దాఖలా నాకు కనబడలేదు.

గోడకు ఇవతల క్లబ్బు. దానికి రిజిస్ట్రేషన్ లేదు, కార్యాలయం లేదు. జెర్సీల మూట వారానికొకరి ఇంటికి ఉతుకుడుకు వెళుతుంది. టైల్స్ వేసేవాళ్లు, జిరాక్స్ షాపులో పనిచేసేవాళ్లు, అశోక్‌నగర్ స్టడీహాళ్లలో సర్కారు ఉద్యోగం కోసం చదువుతూ నడుం నొప్పి తెచ్చుకున్నవాళ్లు అందులో సభ్యులు. కెప్టెన్ తండ్రి పాలమూరు నుంచి మేస్త్రీ పనికి వచ్చి, కాచిగూడ వైపు ఒక బస్తీలో కాపురం పెట్టారు. కెప్టెన్ కూడా ఇళ్లకు టైల్స్ పరుస్తాడు. గచ్చు మీద మట్టం తప్పనివాడు గోల్ ముందు ఎందుకు తప్పుతాడన్నది క్లబ్బులో ఇంకా తేలని చర్చ.

బంతి గోడ దాటితే పాటించవలసిన పద్ధతిని సూపరింటెండెంటు గారే రూపొందించారు. గోడ ఎక్కరాదు. ఒకరి బదులు ఒకరు రారాదు. "తన్నినవాడే రావాలి" అనేది మూలసూత్రం. తన్నినవాడు వీధి చుట్టూ తిరిగి ముందు గేటుకు వచ్చి, గేటు బయటి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, వరండాలో నిలబడి తన పేరు, తండ్రి పేరు, ఉంటున్న గల్లీ చెప్పాలి. ఆమెకు అవన్నీ తెలుసు. అయినా చెప్పాలి. విచారణ సాగినంతసేపూ బంతి ఆమె పేము కుర్చీ పక్కన, నిందితుడికి కనబడేలా ఉండేది. ఒక విచారణకు నేను ప్రత్యక్ష సాక్షిని.

"ఎందుకు తన్నావు?"

"గోల్ కోసం, మేడం."

"పడిందా?"

"పడలే, మేడం."

"అయితే అది ఇంకో తప్పు."

తీర్పు తర్వాత గ్లాసుడు మజ్జిగ ఇచ్చేవారు. తాగకుండా వెళ్లడం ధిక్కారం కిందికి వచ్చేది. కొత్తవాడు జట్టులో ఖాయమైనట్టు ఎప్పుడు లెక్క అని ఒకసారి కెప్టెన్‌ను అడిగాము. మేడం ముందు వరండాలో నిలబడ్డంక, అన్నాడు. అది పరిహాసమని అప్పట్లో మా బృందం ఏకగ్రీవంగా భావించింది.

మా బృందం అంటే యూనివర్సిటీ జర్నలిజం విభాగానికి చెందిన నలుగురం. ఒక స్థానిక సంస్థ మీద ఉమ్మడిగా డాక్యుమెంటరీ తీసి సమర్పించాలన్నది మాకిచ్చిన పని. క్లబ్బును ఎంచుకున్నాము. ఏ నిర్ణయమైనా నలుగురి ఆమోదంతోనే జరగాలని నారాయణగూడ చౌరస్తాలోని ఇరానీ హోటల్లో తీర్మానించుకున్నాము. తత్ఫలితంగా చాలాకాలం చాయ్ తప్ప ఏదీ ఆమోదం పొందలేదు. చివరికి ఒక విషయంలో మాత్రం అందరి మాటా కలిసింది: మంచి సినిమాకు ఒక దుర్మార్గుడు కావాలి. క్లబ్బులో ఆ స్థాయి ఉన్నవారెవరూ దొరకలేదు. గోడ అవతల సిద్ధంగా ఒకరున్నారు.

ఆమె కెమెరా ముందు కూర్చుని తన ఫిర్యాదుల చరిత్రంతా వినిపించారు. ఏ కుర్రాడు ఎడమకాలితో తన్ని కిటికీ అద్దం పగలగొట్టాడో, వాడి తమ్ముడు కుడికాలితో తన్ని సన్నజాజి పందిరి ఎలా పడగొట్టాడో, ఇప్పుడు వాడి కొడుకు ఏం పగలగొట్టడానికి తయారవుతున్నాడో చెప్పారు. మేము ఆ మాటల వెనక డప్పుల మోత వేశాము. ఆమె ముఖం తెర మీదికి వచ్చినప్పుడల్లా కాస్త చీకటి చేశాము. ఎడిటింగ్ బల్ల దగ్గర చాలా సంతోషించాము.

సంతోషం ఆమె సినిమా చూస్తానని కబురు పెట్టేవరకే నిలిచింది. నలుగురం ఒకరి వెనక ఒకరు నక్కుతూ వెళ్లి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి చూపించాము. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని, ఎక్కడా ఆపకుండా మొత్తం చూశారు. డప్పుల గురించి గానీ చీకటి గురించి గానీ ఒక్క మాట అనలేదు. ఆమె అభ్యంతరం ఒక్కటే.

"బంతి గోడకి తగిలే చప్పుడు ఇంత మెల్లగా ఉండదు. ఇది విన్నవాళ్లు, ఈ మాత్రానికే ఈవిడ గొడవ చేసిందా అనుకుంటారు. సరిచెయ్యండి."

సరిచేయడానికి మరుసటి ఆదివారం మైకు పట్టుకుని ఆమె పెరట్లో నిలబడ్డాము. ఇవతలి నుంచి కెప్టెన్ బంతిని గోడకు తన్నాలి. అతను తన్నాడు. బంతి గోల్‌లోకి వెళ్లి వలలో ఆగిపోయింది. వల విప్పించాము. ఈసారి పక్కన ఆగివున్న ఆటోకు తగిలింది. ఆ తర్వాత ఆకాశంలోకి వెళ్లింది. గోడకు తగలకుండా తన్నడమే చిన్నప్పటి నుంచి నేర్చుకున్న కాలు, అడిగినప్పుడు మాట వినలేదు. జట్టంతా పడీపడీ నవ్వింది. అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇన్నేళ్లూ తగలొద్దంటే తగిలింది. ఇవాళ తగలమంటే తగలదేం?"

"మీరు వింటున్నరంటే కాలు లేస్తలేదు, మేడం. జర లోపలికి పోరాదుండ్రి."

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. మొదటి దెబ్బకే గోడ అదిరింది. ఆ చప్పుడే సినిమాలో ఉంది. డప్పులు ఆ రాత్రే తీసేశాము. తీర్మానం అవసరం కాలేదు.

ఇంతవరకు రాసింది నవ్వుకోదగిన భాగం. ధర్మసంస్థ వారు మైదానాన్ని కార్ల పార్కింగ్‌కు ఇవ్వదలచినట్టు సందులో బోర్డు పెట్టిన తర్వాతి భాగం వేరు. క్లబ్బు మొరపెట్టుకుంటే, అక్కడ క్లబ్బు అనేదేదీ ఎన్నడూ లేదని, అప్పుడప్పుడు కొందరు ఆకతాయిలు చొరబడుతుంటారని సంస్థ జవాబిచ్చింది. ఆధారం చూపించడానికి క్లబ్బు దగ్గర ఉతికిన జెర్సీలు తప్ప ఏమీ లేవు. మేము మా సినిమా చూపించాము. సినిమాలో ఏమైనా చూపిస్తారని కార్యదర్శి అన్నారు. మా డప్పులు గుర్తొచ్చి, ఆ మాటను ఖండించే నైతిక స్థైర్యం మాకు లేకపోయింది. చివరికి ఆయన ఒక వెసులుబాటు ఇచ్చారు: క్లబ్బుకు సంబంధించని, ఆ చుట్టుపక్కలే చాలాకాలంగా ఉంటున్న వ్యక్తి ఎవరైనా స్వయంగా వచ్చి కమిటీ ముందు చెబితే పరిశీలిస్తారు.

అలాంటి వ్యక్తి ఒక్కరే ఉన్నారు. అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. చివరికి కెప్టెన్ బంతి లేకుండానే ముందు గేటుకు వెళ్లి, కాళ్లు కడుక్కుని, వరండాలో నిలబడి, అలవాటు ప్రకారం పేరు, తండ్రి పేరు, గల్లీ చెప్పాడు. వెనక మేమున్నాము. సంగతంతా విని ఆమె కుర్చీలో అటూ ఇటూ కదిలారు. ఆమె అంత ఇబ్బంది పడటం నేను చూడటం అదే మొదలు. మైదానం పోతే ఆమె గోడకు శాంతి. అది ఆమె కోరుకున్నదే.

"క్లబ్బు లేదన్నారా?" అన్నారు చివరికి.

"లేదన్నరు, మేడం."

"మరి నేను ఎవరి మీద చేసినట్టు ఇన్ని ఫిర్యాదులు? లేనివాళ్ల మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?"

తర్వాత, తనకు తాను చెప్పుకుంటున్నట్టు, కార్లు వస్తే హారన్లు వస్తాయన్నారు. హారన్ కొట్టినవాణ్ని పిలిచి పేరూ తండ్రి పేరూ అడగగలనా అన్నారు. వస్తానని మాత్రం నోటితో చెప్పలేదు. లోపలికి వెళ్లి అందరికీ మజ్జిగ తెచ్చారు.

కమిటీ సమావేశం రోజున ఆమె ఇస్త్రీ చేసిన గంజి చీర కట్టుకుని, ఆటో దిగి, ఆ కార్యాలయం మెట్లు ఒక్కొక్కటే ఎక్కారు. మధ్యలో రెయిలింగ్ పట్టుకుని ఆగారు. కెప్టెన్ చెయ్యి అందిస్తే వద్దన్నారు. సాక్షి ప్రతివాది చెయ్యి పట్టుకుని రావడం చూసేవాళ్లకు బాగుండదని వివరించారు. పైన బెంచీ మీద కూర్చోబెట్టారు. చాలాసేపటికి గుమాస్తా వచ్చి, అధ్యక్షులకు వేరే పని పడిందని, మళ్లీ కబురు చేస్తామని చెప్పాడు. మాకు కోపం వచ్చింది. ఆమెకు రాలేదు.

"నేనూ ఇలా చాలామందిని పంపించాను, బాబూ," అన్నారు మెట్లు దిగుతూ. "వాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు. మనమూ వద్దాం."

ఆ మాటలోని 'మనము' అనే పదాన్ని కెప్టెన్ ఆ సాయంత్రం జట్టు మొత్తానికి చెప్పాడు.

ఆ తర్వాత ఆమెకు ఆయాసం మొదలైంది. చెల్లెలి కూతురు వచ్చి బర్కత్‌పుర తీసుకువెళ్లారు. వెళ్లేముందు పేము కుర్చీని వరండాలోనే ఉంచమన్నారట. విచారణలు మిగిలి ఉన్నాయన్నారట. ఆ మెట్లు ఎక్కించడం వల్లే ఇలా జరిగిందా అని మేము నలుగురం మళ్లీ ఇరానీ హోటల్లో కూర్చుని చర్చించాము. ఈ అంశం మీద మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. ఇప్పటికీ కుదరలేదు. చెల్లెలి కూతురిని అడిగితే, పెద్దమ్మను ఎవరైనా ఎక్కడికైనా తీసుకెళ్లగలరా, తనే వెళ్లి ఉంటుంది అన్నారు. అది ఓదార్పో నిజమో నాకు తెలియదు.

ధర్మసంస్థ కబురు శనివారం వచ్చింది. కమిటీ వచ్చే సోమవారం కూర్చుంటుంది. సాక్షి స్వయంగా హాజరు కావాలి. కాని పక్షంలో ఉన్న ఆధారాలతోనే నిర్ణయం తీసుకోబడుతుంది. ఉన్న ఆధారాలు అనగా ఒక లాప్‌టాప్, అందులో గోడకు బంతి తగిలిన ఒక చప్పుడు, కళ్లద్దాల వెనక నుంచి మమ్మల్నందరినీ నిందిస్తున్న ఒక ముఖం. వాటిని తీసుకుని వెళ్తాము. మెట్ల మీద ఎక్కడ ఆగాలో మాకు తెలుసు.

నిన్న ఆదివారం ఆట మళ్లీ మొదలైంది. చాలాసేపు బంతి అంతా దక్షిణం గోల్ వైపే తిరిగింది. ఉత్తరం వైపు ఎవరూ గట్టిగా తన్నలేదు. చివరికి ఒక కార్నర్ కిక్‌కు బంతి గాలిలో లేచి, కెప్టెన్ తల పక్క నుంచి జారి, కాలికి తగిలి, గోడ దాటిపోయింది. అందరూ ఉన్నచోటే ఆగిపోయారు. గొంతు కోసం ఎదురుచూశారు. మా నలుగురిలో ఒకరైన మిత్రురాలు కెమెరా ఎత్తి, మళ్లీ దించేసింది.

గోడ ఎత్తేమీ కాదు. జట్టులో ఎవరైనా ఒక్క గెంతులో ఎక్కగలరు. ఎవరూ అటు వెళ్లలేదు. కెప్టెన్ ఒక్కడే మైదానం దాటి, సందు తిరిగి, వీధి చుట్టూ నడిచాడు. కొంత దూరంలో నేనూ నడిచాను. గేటుకు తాళం ఉంది. కుళాయి విప్పితే నీళ్లు వచ్చాయి, కాళ్లు కడుక్కున్నాడు. గేటు ఊచల్లోంచి చూస్తే, పెరట్లో పడిన బంతి ఎలా దొర్లిందో, ఇంటి పక్కగా వచ్చి వరండా మెట్టు దగ్గర ఆగి ఉంది. పైన ఖాళీ పేము కుర్చీ. కెప్టెన్ తడి కాళ్లతో నిటారుగా నిలబడి, మెల్లగా, తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. గల్లీ పేరు చెప్పాడు. తర్వాత ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.