బండకు జ్వరం

మొన్న జ్వరమొచ్చిన మనవరాలి నుదుటి మీద తడిగుడ్డ వేస్తుంటే మా చేనులోని బండ యాదికొచ్చింది.

చొప్పదండి దిక్కున మా చేను. ఆ బండ మీద అవ్వ మిరపకాయలు ఎండబోసేది. దాని నిండా ఏవో గీతలు. అవి పాతకాలపు అక్షరాలని నాకప్పుడు తెల్వదు. ఒకనాడు పట్నం నుంచి ఇద్దరు సార్లు వచ్చి, మిరపకాయలు తీయించి, బండను కడిగి, దాని మీద తడి కాగితం పరిచిండ్రు. నాకు భయమేసింది. అంతకుముందే తాతకు జ్వరమొస్తే గట్లనే తడిగుడ్డ వేసిండ్రు. తర్వాత తాతను ఎత్తుకపోయిండ్రు, మళ్ల తేలే.

"బండను గూడ తీస్కపోతరా?" అని అడిగిన.

గీతల అచ్చు పడేటట్టు కాగితం మీద నల్ల సిరా అద్దుతున్న సారు నవ్విండు. "గింత పెద్ద బండను యాడికి తీస్కపోతం బిడ్డా? అది చెప్పే మాట తీస్కపోతం."

"బండ మాట్లాడుతదా అవ్వా?"

"నాకైతే ఎన్నడూ ఏం చెప్పలే. జర మిరపకాయలు తొక్కకు" అన్నది అవ్వ.

వాళ్లు పోయినంక, పొద్దుగూకేదాక నేను బాపు తువ్వాల తడిపి బండ మీద వేస్తనే ఉన్న.

వయసు మళ్లినంక అక్షరాలు నేర్చుకున్న. నేర్చుకోంగనే ఆ బండ దగ్గరికి పోయిన. ఒక్క అక్షరం గూడ నాకు తెలిసినట్టు లేదు. వెంట వచ్చిన, డిగ్రీ చదివిన కోడలికీ అంతుపట్టలే. ఏం చెయ్యాల్నో తోచక బండకు అరచెయ్యి ఆనించిన. ఎండకు కాలుతున్నది. జ్వరం ఇంకా దిగలేదేమో అనిపించింది.