డెక్లాన్ పొలంలో మంచె

రోజూ పొద్దున్నే లాప్‌టాప్ తెరవకముందు అనంతరామ్ గారు కాఫీ గ్లాసుతో వంటింటి కిటికీ దగ్గర నిలబడేవారు. వెనక పొలంలో ఎన్ని జింకలు మేస్తున్నాయో చూసి భార్య సరోజినిగారికి చెప్పేవారు.

ఆయన ఉద్యోగం ఐర్లండ్‌లో, డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. కంపెనీలు పెరిగేకొద్దీ డబ్లిన్‌లో అద్దె ఇల్లు దొరకడం గగనమైపోయింది. భార్యతో, కూతురు రిషితతో ఐదు నెలలు తిరిగాక విక్లో కొండల కింద, డెక్లాన్ అనే రైతు ఇల్లు దొరికింది.

ఈయనది పల్నాడు రైతు కుటుంబమని తెలిసి, వసంతంలో డెక్లాన్ ఒక చిన్న మడి చూపించాడు. జింకల కోసం ఇందులో క్లోవర్ గడ్డి, ఆవజాతి మొక్కలు వేద్దామన్నాడు. అనంతరామ్ గారు సంబరపడ్డారు. వాళ్ల నాన్న జొన్నచేలో ఒక సాలు పిట్టలకని వదిలేసేవాడు. ఇదీ అలాంటిదే అనుకున్నారు. శనివారాలు రాళ్లేరి, మట్టి గుల్ల చేసి, విత్తనాలు ఇసుకలో కలిపి పలచగా చల్లారు. జూన్‌కల్లా మడి పచ్చగా కమ్ముకుంది. జింకలు రాసాగాయి. చెవి చిరిగిన మగజింక ఒకటి ఈయన్ని చూసి బెదరడం కూడా మానేసింది.

ఆగస్టులో డెక్లాన్ గట్టు మీద మంచె కట్టాడు. పల్నాడులో మంచె ఎక్కేది చేలో పడ్డవాటిని అదిలించడానికి. పిలిచి మేపుతూ మళ్లీ అదిలించడమేమిటని ఈయనకు నవ్వొచ్చింది. జింకలు డెక్లాన్ గొర్రెల వైపు పోకుండా కాబోలనుకుని, మేకులు అందించారు.

నెలాఖరున డెక్లాన్ ఆ మంచె మీద కూర్చుని తుపాకీ గురి సరిచూసుకుంటూ కనిపించాడు. రేపటి నుంచి వేట సీజన్ అనీ, మేత వేసింది అందుకే కదా అనీ మామూలుగా చెప్పాడు. నీ చెయ్యి మంచిదని మెచ్చుకున్నాడు కూడా.

"వద్దని చెప్పొస్తాను సరోజా," అన్నారు ఇంట్లోకి వచ్చి.

"పొలం ఆయనది, లైసెన్స్ ఉంది. ఏమని చెబుతారండీ?"

"నా చేత్తో పిలిచాను కదే వాటిని."

"అక్టోబర్‌లో లీజ్ రెన్యూ చెయ్యాలి. రిషితకి ఈ ఏడే ఫైనల్ ఎగ్జామ్స్. మళ్లీ ఐదు నెలలు ఇల్లు వెతుకుతారా?"

సాయంత్రం ఆయన మడి దగ్గరికెళ్లి స్టీలు పళ్లెం మీద గరిటెతో మోగించి అదిలించారు. జింకలు నాలుగడుగులు వెనక్కి వేసి, తలెత్తి చూశాయి. ఎరిగిన మనిషే కదా అన్నట్టు చిరిగిన చెవిది ముందుగా వచ్చి మేతలో మూతి పెట్టింది.

తెల్లవారాక ఒక్కటే చప్పుడు వినిపించింది.

అనంతరామ్ గారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. ఏటా ఆ మడిలో విత్తనాలు చల్లేది ఆయనే.