పోయొస్త అన్నడు

ఆకాశంలో ఎగిరే వీరుల కథలు పిల్లల కాలక్షేపమని పత్రికల్లో ఎవరైనా రాస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ని. అయినా చెబుతున్నాను, అలా రాసేవాళ్లు ఏ రోజూ సాంచాల మధ్య నిలబడి ఉండరు.

షోలాపూర్ దాజీ పేటలో మేం మరమగ్గాన్ని సాంచా అనేవాళ్లం. అవి ఆడుతుంటే పక్కవాడి కేక కూడా వినబడదు. అందుకని కార్ఖానాలో గొంతుతో పని లేదు. పెదవులు కదిపితే చాలు, పోగు తెగిందనీ, చాయ్ వచ్చిందనీ అందరికీ తెలిసిపోయేది. ఆదివారం సుట్టి. సాంచాలు ఆగేవి గానీ వాటి హోరు మా చెవుల్లో ఆగేది కాదు. ఆ హోరులోంచి చూస్తే పేట అంతా నీళ్ల అడుగున ఉన్నట్టు మెల్లగా, మెత్తగా కదిలేది. తలుపు సందులోంచి పడే ఎండలో దూది నూగు తేలుతుంటే, చుక్కలు మా ఇంట్లోకే దిగాయనిపించేది.

అలాంటి పొద్దున మేం అద్దెకున్న ఇంటి మాలక్ తన టీవీని గడప దాకా జరిపి వాకిలి వైపు తిప్పేవాడు. తొంభైల మొదట్లో అనుకుంటాను, ఇంగ్లీషులో తీసి హిందీ మాటలు అతికించిన ఒక సీరియల్ వచ్చేది. చుక్కల అవతల నుంచి వచ్చినవాడొకడు, వెండి రంగు దుప్పటి వీపున కట్టుకుని, ఎగురుతూ జనాన్ని కాపాడేవాడు. ఆ దుప్పటికి అంచు లేదు, నాలుగు సార్లు ఎగిరితే పోగులు ఊడిపోతాయి. అది నా అభిప్రాయం. ఇప్పటికీ మార్చుకోలేదు.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ వెండి మనిషికి వీరాభిమాని. సాంచాల దగ్గరే వయసంతా గడిచి ఆయనకు వినికిడి దాదాపు పోయింది. ఆ సంగతి ఒప్పుకునేవాడు కాదు. తెర మీది పెదవులు చూసి కథ తెలుసుకునేవాడు. అక్క బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు మీంచి చూపు తిప్పకుండా సీరియల్ అంతా చెవులతోనే వినేది. ఆయనది కంటి కథ, ఆమెది చెవి కథ. వారమంతా అదే కొట్లాట.

"రాక్షసుని మన్నించిండు," అనేవాడు బావ.

"మన్నించలే. ఛోడూంగా నహీ అన్నడు. నేనిన్న," అని అక్క అరిచేది.

"నువ్వు బీడీలు సూస్తున్నవ్. నేను మూతి సూసిన."

ఆ కొట్లాట తప్ప వాళ్ల మధ్య వేరే మాటలు మిగల్లేదు. ఆమెకు అరిచి అరిచి విసుగు. ఆయనకు విన్నట్టు నటించి నటించి విసుగు.

చివరి భాగం వచ్చింది. వెండి మనిషి తన ఓడ మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి, ఒక్క మాట అన్నాడు. టీవీలోంచి "మై జా రహా హూ" అని, అంటే పోతున్నానని, వినిపించింది. ఓడ తలుపు మూసుకుంది. మా ఇళ్లలో గడప దాటేవాడు పోతున్నానని అనడు. అది చావు మాట. పోయొస్త అనాలి.

"గట్లంటరా ఎవలన్న?" అంటూ అక్క చేతిలోని ఆకు కింద పెట్టింది.

బావ మాత్రం హాయిగా నవ్వుతున్నాడు. "పోయొస్త అన్నడు. మల్ల వస్తడు."

మాలక్ మేనల్లుడు కాలేజీలో చదివేవాడు. అతను బావకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "కాకా, గది ఇంగ్లీషుల తీసిన్రు. తెలుగుల ఎట్లంటడు?"

"చుక్కలల్ల పుట్టినోనికి ఇంగ్లీషు వస్తె, తెలుగు రాదా?"

అందరూ నవ్వారు, బావ కూడా నవ్వాడు. అప్పుడు ఆ మేనల్లుడు మొహం పక్కకు తిప్పి, పెదవులు కనబడకుండా అన్నాడు: "ఈ చెవిటి కాకాకు టీవీ ఎందుకు, రేడియో ఇయ్యుండ్రి."

వాకిలి మళ్లీ నవ్వింది. ఈసారి ఎందుకో బావకు తెలియదు. ఒక్కొక్కరి మొహం వెతికాడు. "ఏమన్నడు?" అని అడిగాడు. ఎవరూ పెదవి కదపలేదు. ఆయనకు అర్థమైంది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"పోతున్న," అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. ఇంక ఏ ఆదివారమూ ఆయన ఆ వాకిట్లో కూర్చోడని అందరికీ తెలిసింది.

అక్క చాట పక్కకు జరిపి, ఆయనకు ఎదురుగా వచ్చింది. ఆమె ఎన్నడూ కార్ఖానాలో అడుగు పెట్టలేదు. ఎప్పుడు నేర్చిందో, ఎట్లా నేర్చిందో, గొంతు అసలు ఎత్తకుండా వట్టి పెదవులతో చెప్పింది. నేనూ సాంచాల వాణ్నే కాబట్టి నాకూ తెలిసింది.

"పోయొస్త అనే అన్నడు. నేనిన్న."

బావ ఆమె మూతి వైపు చాలాసేపు చూశాడు.

"ఇప్పుడు మంచిగ ఇనవడ్డది," అని మళ్లీ కూర్చున్నాడు.

ఆ సీరియల్ అయిపోయిందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.