మా వైఫైలోకి వచ్చిందెవరు?

ఇంట్లో ఏదైనా చప్పుడైతే దేవుణ్ణి తలుచుకునే ముందు కిటికీ గడియ చూసుకునే రకం నేను. అరకులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. దెయ్యాల కబుర్లు మొదలైతే అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని. అందుకే ఇది రాయాలంటే మొహమాటంగా ఉంది.

మా ఆయన ఉద్యోగం డొంకరాయిలో. సెలవు దొరికినప్పుడే ఇంటికి వస్తారు. నేను కాలేజీకి వెళితే నాలుగేళ్ల మా చిన్నిని రూతమ్మ చూసుకునేది. ఆమెది పక్క కొండమీది ఊరు. వాళ్లింట్లో కువి భాష, మాతో తెలుగు.

పాప ఏం చేస్తోందో చూసుకోవడానికి హాల్లో వైఫై కెమెరా పెట్టించాను. ఫోన్లోంచి దాన్ని అటూ ఇటూ తిప్పొచ్చు, అందులోంచి మాట్లాడొచ్చు కూడా. రూటర్ బిగించినతను మా ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టి వెళ్లాడు. మేమూ మార్చలేదు.

ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో యాప్ తెరిచాను. గుమ్మంవైపు ఉండాల్సిన కెమెరా మంచంవైపు తిరిగి ఉంది. నేను తిప్పలేదు. చిన్ని దాని ముందు కూర్చుని, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు తల ఊపుతోంది. వెనక కిటికీలోంచి రూతమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ కనిపిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం పాప ఏదో పాడుకుంటోంది. ఒక్క ముక్క కూడా తెలుగు కాదు. ఎవరు నేర్పారే అంటే కెమెరా చూపించి, "అందులో మామ్మ" అంది.

రూతమ్మను పిలిచి వినమన్నాను. వింటూ వింటూ ఆమె ముఖం పాలిపోయింది.

"మా బాసేనమ్మా. గుంటని ఒళ్లో కూకోబెట్టుకుని, రాయే మనూరెల్లిపోదాం అని పాడతారు. సిన్నప్పుడు మా అమ్మ పాడీది. ఇప్పుడు మా ఊళ్లో ఎవులూ పాడరు."

నాకు ఒళ్లు మండింది. ఈమె కాకపోతే ఇంకెవరు నేర్పుతారు? నీ ఫోన్ చూపించు అన్నాను. చెంగు ముడిలోంచి బటన్ల ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. దాంట్లో వైఫై అన్నదే లేదు. "నానేటి సేసినానమ్మా?" అని మాత్రం అడిగింది. మర్నాటినుంచి పనిలోకి రాలేదు.

నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయాను. ఇక అందరిమీదా అనుమానమే. పక్క లాడ్జిలో దిగే టూరిస్టులు, రూటర్ బిగించినతను, మేడమీది ఇంటివాళ్లు. మా గుమ్మం ముందు ఎవరు ఫోన్ పట్టుకుని నిలబడ్డా కర్టెన్ చాటునుంచి చూసేదాన్ని.

విశాఖలో ఆఫీసులకు నెట్‌వర్కులు చూసే మా తమ్ముడు ఆదివారం వచ్చాడు. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లడానికి కంపెనీ ఇచ్చిన పేరూ 'అడ్మిన్' అట, పాస్‌వర్డూ 'అడ్మినే' అట. పైగా బయట ఎక్కణ్ణుంచైనా దాన్ని నడిపే వీలు కూడా తెరిచే ఉంది. "అక్కా, తాళం వేసి చెవి తాళానికే వదిలేశారు కదే" అన్నాడు. మా ఫోన్లు, కెమెరా కాక ఇంకో పరికరం మా వైఫైకి కలిసి ఉంది. అదెవరిదో తేలలేదు.

వాడు రెండు పాస్‌వర్డులూ మార్చి పొడుగాటివి పెట్టాడు. బయటినుంచి నడిపే దారి మూసేశాడు. పాస్‌వర్డ్ లేకుండా మీట నొక్కి కలిపే పద్ధతి తీసేశాడు. రూటర్ సాఫ్ట్‌వేర్ కొత్తది ఎక్కించాడు. కెమెరాకు కూడా పాస్‌వర్డ్ మార్చి, అతిథులకిచ్చే విడి నెట్‌వర్క్‌లో పడేశాడు. ఆ తెలియని పరికరం మళ్లీ కనిపించలేదు.

నా భయం సగం తీరింది. దొంగ బుద్ధి ఉన్నవాడెవడో ఆడుకున్నాడన్నమాట. రూతమ్మ ఇంటికి వెళ్లి తప్పయిపోయిందని చెప్పాను. ఆమె, "గుంట తింటోందా?" అని అడిగి నా వెనకే వచ్చేసింది.

వానాకాలంలో ఒకరోజు తుఫానుకి తెల్లారకముందే కరెంటు పోయింది. సెల్ టవర్ కూడా పనిచేయడం లేదు. కాలేజీకి సెలవిచ్చారు. పొద్దెక్కాక నేను లోపలి గదిలో పేపర్లు దిద్దుతుంటే హాల్లోంచి ఆ పాట వినిపించింది. రూతమ్మ పాపను ఆడిస్తోందనుకున్నాను. తలెత్తితే రూతమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నావైపే చూస్తోంది.

ఇద్దరం హాల్లోకి పరుగెత్తాం. రూటర్లో ఒక్క దీపం లేదు. కెమెరాలోనూ లేదు. దానికి బ్యాటరీ ఉండదు, గోడ ప్లగ్గుమీదే నడుస్తుంది. చిన్ని దాని ముందు కూర్చుని ఉంది. పాట అందులోంచే వస్తోంది, సన్నటి ముసలి గొంతు. నేను తీగ పీకి కెమెరాను చేతిలోకి తీసుకున్నాను. గొంతు ఆగలేదు. నా అరచేతిలో సన్నగా అదురుతోంది.

రూతమ్మ దాన్ని చూస్తూ తన భాషలో గట్టిగా ఒక్క మాట అంది. అప్పుడు ఆగింది.

ఏమన్నావని అడిగాను.

"ఈ గుంటకి అమ్మ ఉన్నాది, నువ్వెల్లిపో అన్నాను."

ఎవరితో అన్నావంటే తల అడ్డంగా ఊపింది. "మేం సర్చికెల్లీవోళ్లమమ్మా. అలాటియి మాటాడం."

టవర్ పనిచేశాక ఫోన్ చేసి చెబితే, పరికరంలో కొంచెం కరెంటు మిగిలి ఉంటుందక్కా అన్నాడు తమ్ముడు. ఉంటుంది, కొద్ది క్షణాలు. ఆ సంగతి పిల్లలకు చెప్పేదే నేను. పొద్దుటినుంచీ కరెంటు లేదన్నాను.

రూటర్లోకి ఎవరో దూరారంటే నమ్ముతాను. ఎలా దూరారో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. కానీ ఆ తుఫాను రోజు నా చేతిలో పాడిందెవరో నాకిప్పటికీ తెలియదు. చిన్నిని ఏ ఊరికి రమ్మందో రూతమ్మను అడగాలనుకుంటాను. ఆమె ఎదురుగా వచ్చి నిలబడితే, పాప తిందా అని అడుగుతాను.