హారన్ మీద చెయ్యి

కోపానికి నేను పెట్టింది పేరు. పిట్టల ఫొటోల దగ్గర మరీను. ఒకసారి మా ఆయన కారు తలుపు దబాలున వేసేసరికి కొంగ ఎగిరిపోయింది. కార్డిఫ్ నుంచి రీడింగ్ ఊళ్ళో మా ఫ్లాట్‌కి వచ్చే రెండు గంటలూ నేను నోరు విప్పలేదు, విప్పాక ఆపలేదు. అప్పటినుంచి నేను ఫొటోలు తీస్తున్నంతసేపూ ఆయన ఫ్లాస్కులో టీ పెట్టుకుని కారులోనే కూర్చుంటాడు. తుమ్మొచ్చినా ముక్కు నొక్కుకుంటాడు.

ఆ సెప్టెంబరు ఆదివారం పొద్దున కార్డిఫ్‌కి కాస్త అవతల, నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాం. ఆటుకి నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. మిగిలిన బురదలో కర్ల్యూలు, అవే పొడవాటి వంపు ముక్కు పిట్టలు, పురుగులు ఏరుకుంటాయి. పోటు మొదలయ్యేలోపు మనం గట్టెక్కేయాలి. ఇక్కడ పోటు పరిగెత్తుకొస్తుంది.

వేళల లెక్కలో నాకు తిరుగులేదని నా ధీమా. ఆఫీసులో హైదరాబాదు టీముతో మీటింగులన్నీ పెట్టేది నేనే. ఆటుపోట్ల వేళలకి నేను వాడే చిన్న పుస్తకంలో అంకెలన్నీ చలికాలపు గడియారం ప్రకారం ఉంటాయి, వేసవిలో ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి అక్టోబరు చివరిదాకా ఒక గంట కలుపుకోవాలి. ఆ రోజు పుస్తకం ఇంట్లో మరిచిపోయి ఫోన్‌లో చూశాను. చూసి, అలవాటుగా గంట కలిపాను. ఫోను ఆ గంట ముందే కలిపేసిందన్న ఆలోచనే రాలేదు.

చీలమండ లోతు నీళ్ళున్న చిన్న కాలువ దాటి, అవతలి ఇసుకదిబ్బ మీద ట్రైపాడ్ వేసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఫోను సైలెంట్‌లో పెట్టాను. చాలాసేపటికి ఒక కర్ల్యూ దగ్గరికొచ్చింది. దాని కంట్లో వెలుగు కూడా కనబడుతోంది. ఊపిరి బిగబట్టి బటన్ నొక్కబోతుండగా కారు హారన్ మోగింది. ఆగకుండా మోగింది. పిట్టలన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి.

ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికే వెనక్కి తిరిగాను. కాలువ లేదు. దాని చోట నాకూ గట్టుకీ మధ్య గోధుమరంగు నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి.

నాకు ఈత రాదు. కెమెరా మెళ్ళో వేసుకుని, ట్రైపాడ్ కర్రలా పట్టుకుని నీళ్ళలోకి దిగాను. తొడలదాకా, నడుందాకా వచ్చాయి. ఎడమకాలి బూటు బురదలో దిగబడి ఊడి రాలేదు. హారన్ ఆగిపోయింది. అది ఆగాక ఇంకా భయమేసింది. చచ్చిపోతానేమోనని ఏడ్చేశాను.

"ఇటు చూడవే! ఆ కర్ర ఇటు చాపు!" మా ఆయన గట్టు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఆయనకీ ఈత రాదు. ట్రైపాడ్ చాపాను. దాని కాళ్ళు రెండు చేతులతో పట్టుకుని లాగాడు. బూటు అక్కడే వదిలేసి ఒడ్డున పడ్డాను.

కారులో హీటర్ వేసుకున్నా వణుకు తగ్గలేదు. ఫోన్‌లో ఆయన చేసిన కాల్స్ పద్నాలుగు ఉన్నాయి.

"హారన్ ముందే కొట్టొచ్చుగా?" అన్నాను, ఆ స్థితిలోనూ విసురుగానే.

ఆయన టీ మూతలో పోసి నా చేతికిచ్చాడు. "నీళ్ళు నీ వెనక్కి తిరగడం ముందే చూశా. హారన్ మీద చెయ్యేసి పది నిమిషాలు కూర్చున్నా. పిట్టలెగిరిపోతే నువ్వేమంటావోనని..."

ఆ పది నిమిషాల్లోనే కాలువ నిండింది. నీళ్ళ భయం నాలుగు రోజులకి పోయింది. నా నోటి భయం మాత్రం ఆ రోజునుంచి నాకూ పట్టుకుంది.