పార్వతి రాసిన వరస

పద్నాలుగేళ్లుగా నా దగ్గర ఒక కాగితం ఉంది. రూళ్ల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. పెళ్లయ్యాక నాతో పాటు చీర మడతలో అత్తవారింటికి వచ్చింది. పాప పుట్టాక విజయనగరంలో ఈ ఇంటికి మారాం, ఇక్కడికీ వచ్చింది. పారేయలేకపోయాను. చూపించాల్సిన మనిషికి చూపించనూ లేకపోయాను. నా భర్తకు కూడా ఈ సంగతి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలాలంటే, ముందు తెలియనివాళ్ల దగ్గర అలవాటు చేసుకోవాలేమో.

కాగితం మీద ఉన్నది పెన్సిలు రాత. నాది కాదు, నా స్నేహితురాలిది. ఆమెను ఇక్కడ పార్వతి అంటాను. అసలు పేరు రాయడానికి ఆమెను అడగాలి. అడగాలంటే ముందు ఇదంతా చెప్పాలి.

మాది చీపురుపల్లి. నాన్నకు బజారులో విత్తనాలు, ఎరువుల దుకాణం. పార్వతిది అక్కడికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. వాళ్లు వరీ, గోగూ పండించేవారు. నార తీయడానికి గోగు కట్టలు నీళ్లలో నానబెట్టిన రోజుల్లో ఆమె చేతులకు ఆ కుళ్లు వాసన అంటుకుని ఉండేది. ఇంటర్ క్లాసులో ఒకమ్మాయి ముక్కు మూసుకుంటే, పార్వతి తన చెయ్యి ఆ పిల్ల ముక్కు దగ్గరికే పట్టుకెళ్లి, "సరిగ్గా పీల్చవే, మా ఇంటి సెంటు ఇది" అంది. క్లాసంతా నవ్వింది, ఆ పిల్లతో సహా. ఎదుటివాళ్లు సిగ్గుపడమన్నంత మాత్రాన సిగ్గుపడనక్కర్లేదని నేను మొదట నేర్చుకున్నది ఆమె దగ్గరే. నేర్చుకున్నానా? చూశాను. చూడటం వేరు.

ఇద్దరం ఎంసెట్ రాశాం. ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది. నాది చెప్పుకునేది కాదు.

ర్యాంకు వచ్చినంత మాత్రాన కాలేజీ రాదు. కావలసిన కాలేజీలను, బ్రాంచీలను ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి కంప్యూటర్లో నింపాలి. వెబ్ ఆప్షన్లు అంటారు. పైనున్నది దొరికితే కిందున్నవాటి వైపు ఇక చూడరు. కాబట్టి వరసే ముఖ్యం. పార్వతి వాళ్ల ఇంట్లో ఒకటే ఫోను, అది ఎప్పుడూ వాళ్ల నాన్నతో పొలంలో ఉండేది. అందుకని కౌన్సెలింగుకు నా నంబరు ఇచ్చింది. మా వైపు అప్పట్లో అందరూ చేసిన పనే అది. ఫోను ఉన్న పిల్ల నంబరు మీద ఇద్దరు ముగ్గురు ఆడపిల్లల కౌన్సెలింగ్ నడిచేది. దాన్ని ఎవరూ ప్రమాదం అనుకోలేదు, స్నేహం అనుకున్నారు. పాస్‌వర్డు కూడా కలిసే పెట్టుకున్నాం. సగం నా పేరు, సగం తన పేరు.

వరస మాత్రం ఆమె ఒక్కతే రాసింది. మా దుకాణం అరుగు మీద కూర్చుని మూడుసార్లు చెరిపి రాసింది. ఒకటో నంబరు విశాఖపట్నంలో ప్రభుత్వ కాలేజీ, ఎలక్ట్రికల్. స్కూల్లో ఉండగా ఒక సైన్సు టీచరు పిల్లలను ఆ కాలేజీ చూపించడానికి తీసుకెళ్లారట. అక్కడి ప్రయోగశాలలో నిలువెత్తు యంత్రం ఒకటి తిరుగుతుంటే, నేల కంపించడం అరికాళ్లకు తెలిసిందట. ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆమె చదువుతుంటే నేను దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చుని ఆప్షన్లు కొట్టాను. ఇద్దరం సరిచూశాం. అన్నీ సరిగానే ఉన్నాయి. కాగితం బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

ఆ సాయంత్రం పార్వతి వాళ్ల నాన్న విత్తనాలకు వచ్చి, "మా గుంటకి ఇశాపట్నంలోనే వస్తాదంట బాబూ" అన్నాడు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల. మా నాన్న ఆయన్ను మెచ్చుకుని, తర్వాత నా వైపు చూశాడు. రాత్రి అన్నం తినేటప్పుడు తేల్చి చెప్పాడు. నాకు వచ్చేది రోజూ బస్సులో వెళ్లి రావాల్సిన ప్రైవేటు కాలేజీ. తోడుగా పార్వతి ఉంటే పంపుతాడు. లేకపోతే ఊళ్లోనే డిగ్రీ. అప్పటికే పిన్ని ఒక సంబంధం గురించి మాట్లాడుతోంది.

ఆప్షన్లు మార్చుకోవడానికి ఇంకొక్క రోజు గడువు ఉంది. మర్నాడు మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్లాడు. దుకాణంలో నేనొక్కదాన్నే. నా ఆప్షన్లు చూసుకుందామని కూర్చున్నాను. చేతులు ఆమె హాల్‌టికెట్టు నంబరు కొట్టాయి. చేతులు కొట్టాయని రాస్తున్నాను చూడండి, ఇన్నేళ్ల తర్వాత కూడా. నేనే కొట్టాను. పదకొండో స్థానంలో ఉన్న ఆ ప్రైవేటు కాలేజీని ఒకటో స్థానానికి తెచ్చాను. భద్రపరచాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రెండు నిమిషాల్లో ఒక రైతు వచ్చి జింకు ఉందా అని అడిగితే, ఉందని కూడా చెప్పాను.

ఎందుకు చేశాను? భయంతో చేశానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. చదువు ఆగిపోతుందని భయం, పెళ్లి చేసేస్తారని భయం, ఒంటరిగా బస్సెక్కాలంటే భయం. ఇవన్నీ నిజమే. కానీ భయమే అయితే నాన్నను బతిమాలి ఉండవచ్చు. పార్వతినే అడిగి ఉండవచ్చు. అడిగితే కాదంటుందని కాదు, సరే అంటుందేమోనని అడగలేదు. సరే అంటే జీవితాంతం ఆమెకు రుణపడి ఉండాలి. వాళ్ల నాన్న మాట విన్నాక మా నాన్న చూసిన ఆ చూపు కూడా ఉంది. దాని పేరు అసూయ అని రాయడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.

సీట్లు ప్రకటించిన రోజు పార్వతి సైకిలు మీద వచ్చింది. ప్రింటు తీసి ఇచ్చాను. నిలబడే చదివింది.

"ఏటే ఇది? ఇది ఒకటో నంబర్లోకి ఎలాగొచ్చింది?"

నేను ప్రింటరులో మిగిలిన కాగితాలు సర్దాను.

"నే రాసిన కాయితం నీ కాడుందేటి? ఓపాలి సూద్దాం."

"లేదే. ఊడ్సినప్పుడు పారీసినట్టున్నాను."

కాగితం ఆ బల్ల సొరుగులోనే ఉంది. సొరుగు నా మోకాలికి తగులుతోంది.

ఆమె చాలాసేపు ఆ ప్రింటునే చూసింది. నన్ను అనుమానిస్తుందని ఎదురుచూశాను. అనుమానిస్తే బాగుండునని కూడా అనిపించింది. ఆమెకు ఆ ఆలోచనే రాలేదు.

"మూడుపాల్లు సెరిపేను గదా. నంబర్లేసినప్పుడు నేనే ఎక్కడో తిరగేసీసినట్టున్నాను" అంది. కళ్లు తుడుచుకుంది. "మా నాన్నకి సెప్పకే, తప్పు నాదని. గుంట రోజూ ఇంటికే వస్తాదని సంబరపడతాడు."

సైకిలు స్టాండు తీస్తూ నా వైపు తిరిగి, "పోనీలే. నీకు తోడు దొరికింది గదా" అంది.

మార్చింది ఒక తప్పు. కాగితం దాచి, తప్పు తనదేనని ఆమెను అనుకోనివ్వడం రెండోది. రెండోదే పెద్దది. మొదటిదానితో ఆమె సీటు పోయింది. రెండోదానితో, తన మీద తనకున్న నమ్మకం కొంత పోయింది. రెండో విడత కౌన్సెలింగులో ప్రయత్నించింది కానీ విశాఖలో ఆ సీటు ఖాళీ కాలేదు. ఆ తర్వాత నాలుగేళ్లూ పరీక్షలో ఏ జవాబు రాసినా వేలు పెట్టి మళ్లీ మళ్లీ సరిచూసుకునేది. అందరూ ఆమె శ్రద్ధను మెచ్చుకునేవారు. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

అయినా ఆ నాలుగేళ్లూ ఆమె ఎలా బతికిందో చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. ఆమె మూలుగుతూ చదవలేదు. మా కాలేజీ ప్రయోగశాలలో యంత్రాలు సగం పాడై ఉండేవి. సెలవు రోజుల్లో కూడా వెళ్లి, ల్యాబు అటెండరుతో కలిసి ఒకటి విప్పి బాగుచేసింది. అది తిరిగిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చెప్పులు విప్పించింది, నేల అదరడం కాళ్లకు తెలియాలని. కొంచెమే అదిరింది. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను రెండో ఏడు లెక్కల్లో తప్పితే, బస్సులో నా ఒళ్లో పుస్తకం పెట్టి, గోతుల రోడ్డు మీద గీతలు వంకరపోతున్నా వదలకుండా నేర్పింది. ఆమె సీటు కాజేసిన నన్ను ఆమే పాస్ చేయించింది. దీన్ని ఏమనాలి?

ఇప్పుడామె విద్యుత్ శాఖలో ఇంజనీరు. కొన్నాళ్లు సముద్రం ఒడ్డున భావనపాడు వైపు పనిచేసింది. తుపాను వచ్చి స్తంభాలన్నీ పడిపోయినప్పుడు, లైన్‌మెన్లతో పాటు మోకాళ్ల లోతు బురదలో తిరిగి, ఆ ఊళ్లన్నిటికీ కరెంటు వచ్చేదాకా ఇంటికి రాలేదు. వచ్చాక తలంటు పోసుకోకుండానే నాకు ఫోను చేసి, అక్కడి ఆడవాళ్లు తనకు పెట్టిన ఎండుచేపల పులుసు రుచి గురించి అరగంట చెప్పింది. పడిన కష్టం గురించి ఒక్క ముక్క లేదు. నేను మాత్రం రెండేళ్లు ఉద్యోగం చేసి మానేశాను. ఎవరి సీటును బలిపెట్టి ఆ పట్టా తెచ్చుకున్నానో, ఆ పట్టా ఇప్పుడు బీరువాలో ఉంది.

ఎక్కడ చదివినా పైకొచ్చే మనిషే కదా అని మీరు అనవచ్చు. నేనూ అనుకున్నాను. ఆ మాట నాకు మరీ అనుకూలంగా ఉంది, అందుకే దాన్ని నమ్మను. ఇద్దరం ఒకసారి ఒకే బస్సులో విశాఖ వెళ్లాం, శాఖ పని మీద ఆమె, ఆసుపత్రికి నేను. తాను కోరుకున్న కాలేజీ గేటు రాగానే ఆమె మాట ఆపింది. దాటాక మళ్లీ మొదలుపెట్టింది. అంతే.

ఏటా కౌన్సెలింగు రోజుల్లో ఒక ఆదివారం పార్వతి తన ఊరి బడిలో కూర్చుని, చుట్టుపక్కల పిల్లలకు ఆప్షన్లు పెట్టుకోవడం నేర్పుతుంది. ఎవరి మీట వాళ్లే నొక్కాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదు. అది ఆమె పెట్టిన నియమం. మొదలుపెట్టే ముందు తన కథ చెబుతుంది. పోయినేడు వెనక బెంచీలో కూర్చుని విన్నాను. "నా వరస నేనే తప్పు రాసుకున్నాను, రాసిన కాయితం కూడా దాచుకోలేదు, మీరు నాలాగ చెయ్యకండి" అంది. పిల్లలు బుద్ధిగా తలలూపారు. నేను కల్పించిన అబద్ధం ఒక మంచి మనిషి నోట పాఠమై పిల్లలకు చేరుతోంది. వచ్చే ఆదివారం నన్ను కూడా పక్కన కూర్చోమంది. నా మీద నమ్మకమట.

ఇంక ఆగలేకపోవడానికి కారణం అదొక్కటే కాదు. మా పాపకు ఐదేళ్లు. ఈ వేసవంతా దాన్ని ఏ బడిలో వెయ్యాలా అని నేనూ మావారూ నాలుగు బళ్ల చుట్టూ తిరిగాం. ఏ గేటు ముందు నిలబడినా ఒకటే భయం, ఎక్కడ దాని దారి తప్పిపోతుందోనని. మొన్న పక్కింటి పిల్ల ఆడుకోవడానికి వచ్చింది. వెళ్లే వేళకు ఒక చెప్పు కనబడలేదు. ఇల్లంతా వెతికితే మా పాప దిండు కింద ఉంది. ఎందుకు దాచావని అడిగితే, "అది ఎల్లిపోతాది గదమ్మా" అంది. కోప్పడదామని నోరు తెరిచాను. ఈలోపే పాప వెళ్లి తనే ఆ చెప్పు ఇచ్చేసింది. నేనే దాచాను అని కూడా చెప్పింది. ఆ పిల్ల దాన్ని ఒక్క దెబ్బ వేసి వెళ్లిపోయింది.

ఐదేళ్లది అరగంటలో చేసిన పని నేను పద్నాలుగేళ్లయినా చెయ్యలేదు.

కాగితం తీసి నా చేతిసంచిలో పెట్టాను. ఆదివారం పిల్లలు రాకముందే, ఆమె ఆ కథ మళ్లీ చెప్పకముందే, ఆమె చేతిలో పెడతాను. ఏమంటుందో తెలియదు. క్షమిస్తుందని రాయను, అది నేను రాయగల మాట కాదు. అసలు మాట్లాడకపోవచ్చు. ఒక్కటి మాత్రం ఆమెకు తెలుస్తుంది, తాను తప్పు రాయలేదని. పెన్సిలు రాత కొంచెం వెలిసింది కానీ చదవడానికి వస్తోంది. మూడుసార్లు చెరిపిన చోట కాగితం పలచబడింది. ఆ పలచనలోనే ఉంది, గుండ్రటి అక్షరాలతో, ఒత్తి రాసినట్టుగా: ఒకటి, విశాఖపట్నం, ఎలక్ట్రికల్. మేము చదివిన కాలేజీ పదకొండోది.

ఇదీ పార్వతి రాసిన వరస. ఆమె సరిగానే రాసింది.